పొత్తికడుపు స్కానింగులో పెద్దగా ఏమీ లేదన్నారు, మూడో రోజుకు మూత్రాశయం చిరిగిందని తేలింది: పిల్లల విషయంలో స్కానింగును ఎంతవరకు నమ్మవచ్చు?

మహేంద్రతనయ ఒడ్డు (ప్రశ్న వేసినవారు), సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను బడిలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. నా మేనల్లుడు, ఏడేళ్లవాడు, గత నెలలో పడ్డ అవస్థను గురించి ఇక్కడ ఉన్న వైద్యులను కొన్ని విషయాలు అడగాలని రాస్తున్నాను. బాబు ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు కాబట్టి తొందరేమీ లేదు. తీరిక ఉన్నప్పుడు వివరంగా చెప్పగలిగినవారు చెప్పండి.

ఒక ఆదివారం సాయంత్రం మా చెల్లెలి కుటుంబం గుణుపురం నుంచి బస్సులో వచ్చింది. దారిలో పిల్లవాడు రెండుసార్లు ఒంటేలుకు వెళతానన్నాడట. ఊరు దగ్గరకు వచ్చేసింది, కాస్త ఆపుకోమన్నారు. బస్సు దిగాక వాళ్ల నాన్న వాణ్ణి మోటారు సైకిలు మీద ముందు, ట్యాంకు పైన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. వీధి మలుపులో గేదె అడ్డం వచ్చి బ్రేకు వేసేసరికి వాడు ముందుకు తూలి, హ్యాండిలు నడిమి భాగం బొడ్డు కింద గట్టిగా తగిలింది. చర్మం మీద ఎర్రటి చార ఒకటి తప్ప పైకి గాయమేమీ కనబడలేదు. కొంతసేపు ఏడ్చి, తరవాత ముడుచుకుని పడుకున్నాడు.

రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళితే పొత్తికడుపు స్కానింగు (అల్ట్రాసౌండ్) చేశారు. రిపోర్టులో కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు సాధారణంగా ఉన్నాయనీ, మూత్రాశయం సరిగా నిండలేదనీ, కటి భాగంలో స్వల్పంగా ద్రవం ఉందనీ రాశారు. నొప్పి తగ్గడానికి మందు ఇచ్చి, వాంతులైనా కడుపు ఉబ్బినా వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపించారు. సోమవారం జావ తాగాడు గానీ కదలనిచ్చేవాడు కాదు. మంగళవారం మధ్యాహ్నానికి కడుపు గట్టిపడి, వాంతులు మొదలై, మూత్రం చుక్కలు చుక్కలుగా, ఎర్రగా వచ్చింది. అప్పుడు పెద్ద ఊరికి తీసుకువెళ్లాం. అక్కడ రక్తంలో క్రియాటినిన్ (మూత్రంతో బయటికి పోవలసిన వ్యర్థం) 2.4 ఉందని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమోనని మొదట మమ్మల్ని భయపెట్టారు. తరవాత గొట్టం వేసి, మూత్రాశయంలోకి డై (ఎక్స్‌రేలో కనబడే మందు) ఎక్కించి ఎక్స్‌రే తీస్తే, ఆ డై పేగుల మధ్యకు పాకి కనబడింది. ఆపరేషనులో మూత్రాశయం పైకప్పు దగ్గర మూడు సెంటీమీటర్ల చీలిక ఉందని కుట్టారు. ఆపరేషను తరవాత మూడో రోజుకు క్రియాటినిన్ 0.5కు దిగింది.

నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. నా సందేహాలు మూడే. మొదటి రాత్రి స్కానింగులో ఆ చీలిక ఎందుకు కనబడలేదు? అసలు పిల్లల మూత్రాశయానికి తగిలిన దెబ్బను స్కానింగుతో పట్టుకోవడం సాధ్యమేనా? సిటీ స్కాన్‌కు గంటల తరబడి ప్రయాణం చేయవలసిన మా వంటి ఊళ్లలో, ఆ మొదటి రాత్రి మేము ఏమి అడిగి ఉండవలసింది?

స్కాన్‌గది, సోమవారం రాత్రి 10:35

మాష్టారు గారూ, నమస్కారం. నేను రేడియాలజిస్టుని, బరంపురంలో చదువుకుని, సరిహద్దుకు అటూ ఇటూ పనిచేసినవాణ్ణి. మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. అయితే మిగిలిన సగం చెప్పేముందు ఒక మాట అడగాలి: దెబ్బ తగిలిన తరవాత, స్కానింగుకు ముందు, పిల్లవాడు మూత్రానికి వెళ్లాడా? ఈ ఒక్క సంగతి మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఈలోగా అసలు విషయం చెబుతాను. పెద్దవాళ్లలో మూత్రాశయం కటి ఎముకల వెనక ఒదిగి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఆ ఎముకలు విరిగేంత దెబ్బ తగిలితే తప్ప దానికి గాయం కాదు. చిన్నపిల్లల్లో అది చాలావరకు పొత్తికడుపులోనే, ఎముక అంచుకు పైన ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. నిండిన కొద్దీ ఇంకా పైకి లేచి బొడ్డు వైపు వస్తుంది. దాని గోడలన్నిటిలోనూ పైకప్పు బలహీనమైనది, ఎముక ఆసరా లేనిదీను. నిండు కుండ మీద బయటినుంచి దెబ్బ పడితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి ఆ పైకప్పు దగ్గరే పగులుతుంది. పైకప్పుకు పైన పేగులుండే పొర ఉంటుంది కాబట్టి మూత్రం నేరుగా కడుపు కుహరంలోకి పోతుంది. మీ బాబుకు జరిగింది ఇదే. బస్సులో ఆపుకున్న ఆ గంటన్నర, రెండు గంటలే దెబ్బను పెద్దది చేశాయి.

ఏడేళ్ల పిల్లవాడి మూత్రాశయం ఎంత పట్టగలదో అంచనా వేయడానికి మేము వాడే లెక్క సులువైనది: వయసుకు రెండు కలిపి ముప్ఫైతో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. అంటే మీ వాడికి సుమారు 270. ఒక పెద్ద గ్లాసుడు.

ఇక స్కానింగు సంగతి. ధ్వని తరంగాలు ద్రవాన్ని దాటి సులువుగా పోతాయి. గాలి దగ్గర మాత్రం ఆగిపోతాయి. మూత్రాశయం నిండి ఉంటే అది మాకు ఒక కిటికీ. దానిగుండా గోడ మందం, లోపల గడ్డకట్టిన రక్తం, వెనకనున్న ద్రవం కనబడతాయి. ఖాళీగా ఉంటే ఆ గోడ ముడతలు పడి, పిండిన గుడ్డలా ఒక ముద్దగా ఉంటుంది. ఆ ముడతల్లో ఒక చీలికను వెతకడం మడతపెట్టిన పంచెలో చిరుగును వెతకడం వంటిదే. పైగా పేగుల్లోని గాలి ఆ ముద్ద మీదకు జారి వచ్చి ఉన్న కాస్త చూపునూ మూసేస్తుంది. కాబట్టి "సరిగా నిండలేదు" అని రాసిన రిపోర్టు "మూత్రాశయం బాగుంది" అని చెప్పడం లేదు. అది "నేను చూడలేకపోయాను" అని చెబుతోంది. రిపోర్టులు చదివేవారు ఈ రెంటినీ కలిపేస్తారు. రాసే మేము కూడా మరింత విప్పి రాయవలసింది. ఈ మాట నా మీద కూడా చెప్పుకుంటున్నాను.

రెండోది, ఆ "స్వల్పంగా ద్రవం". ద్రవం ఉందని స్కానింగు చెబుతుంది, అది రక్తమా, మూత్రమా అన్నది మాత్రం చెప్పదు. తెర మీద రెండూ నల్లగానే కనబడతాయి. దెబ్బతిన్న పిల్లవాడి కాలేయం, ప్లీహం బాగున్నాయి, అయినా కటి భాగంలో ద్రవం ఉంది అంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో తేలేవరకు వదలకూడదు.

మహేంద్రతనయ ఒడ్డు, మంగళవారం ఉదయం 6:50

డాక్టరు గారూ, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కోసం రాత్రే చెల్లెలికి ఫోను చేశాను. విన్న తరవాత నాకు నిద్ర పట్టలేదు.

ఆ రాత్రి పిల్లవాడి పక్కన ఉన్నది మా చెల్లెలి అత్తగారు. ఆవిడది టెక్కలి వైపు. ఒడియా బొత్తిగా రాదు. నర్సమ్మ వచ్చి "పరిస్రా హెలా కి?" అని అడిగిందట. అంటే మూత్రం అయిందా అని. ఆవిడకు అది "ఫరవాలేదా?" అన్నట్టు వినబడింది. మనవడు ఏడుపు మాని పడుకున్నాడు కదా అని "ఆ, ఆ" అని తల ఊపిందట. కాగితం మీద "మూత్రం అయింది" అని రాసుకున్నారు. నిజానికి బస్సు ఎక్కినప్పటినుంచి స్కానింగు బల్ల ఎక్కేవరకు, అంటే ఇంచుమించు ఆరు గంటలు, వాడు మూత్రానికి వెళ్లనేలేదు. నేను అప్పటికి ఆసుపత్రికి చేరుకోలేదు. చేరుకుని ఉంటే ఆ మాట అక్కడే సరిదిద్ది ఉండేవాణ్ణి.

స్కాన్‌గది, మంగళవారం ఉదయం 8:15

మాష్టారు గారూ, పెద్దావిడను ఏమీ అనకండి. ఈ సరిహద్దులో ఇటువంటివి రోజూ జరుగుతాయి. నేనే ఒకసారి సొర భాషలో చెప్పిన నొప్పిని వేరే చోటిదిగా అర్థం చేసుకున్నాను.

కానీ ఆ ఒక్క సమాధానం వల్ల ఏమి జారిపోయిందో చూడండి. ఆ వయసు పిల్లవాడి మూత్రపిండాలు కిలో బరువుకు గంటకు సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున మూత్రం తయారుచేస్తాయి. ఇరవై కిలోల పిల్లవాడనుకుంటే ఆరు గంటల్లో తక్కువలో తక్కువ 120 మిల్లీలీటర్లు. బస్సులోనే రెండుసార్లు అడిగాడంటే దానికి ముందే మూత్రాశయం చాలావరకు నిండి ఉంది. అంత మూత్రం లోపల ఉండవలసినవాడికి తెర మీద ఖాళీ మూత్రాశయం కనబడుతోంది. మరి ఆ మూత్రమంతా ఎక్కడికి పోయింది? పక్కనే, కటి భాగంలో, నల్లగా కనబడుతూనే ఉంది. "మూత్రం అయింది" అని రాసి ఉండడంతో ఖాళీ మూత్రాశయాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

నన్నడిగితే, మూత్రానికి వెళ్లని పిల్లవాడిలో మూత్రాశయం ఖాళీగా కనబడడం అన్నది చీలిక కళ్లారా కనబడడం కంటే తక్కువ సాక్ష్యమేమీ కాదు. ఇంతకంటే ఖరీదైన యంత్రమేదీ ఆ రాత్రి అవసరం లేకపోయింది.

క్రియాటినిన్ గురించి కూడా ఒక మాట. మూత్రపిండాలు చెడలేదు. కడుపు కుహరంలో చేరిన మూత్రాన్ని అక్కడి పొర మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటుంది. బయటికి పోవలసిన యూరియా, క్రియాటినిన్, పొటాషియం తిరిగి లోపలికే వస్తాయి. చిల్లు మూసి గొట్టం వేయగానే అంత త్వరగా దిగడానికి కారణం అదే. స్కానింగులో కనబడిన ద్రవాన్ని సూదితో కొంచెం తీసి, దానిలోని క్రియాటినిన్‌ను రక్తంలోని దానితో పోల్చి చూస్తే, ద్రవంలో బాగా ఎక్కువ ఉన్నప్పుడు అది మూత్రమేనని తేలుతుంది. సూది ఎక్కడ గుచ్చాలో చూపించేది కూడా ఈ స్కానింగు యంత్రమే.

వంశధార డ్యూటీ, మంగళవారం మధ్యాహ్నం 2:40

నేను రాయగడ జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుని. సిటీ యంత్రం లేదు. ఎక్స్‌రే ఉంది, పాత స్కానింగు యంత్రం ఒకటి ఉంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టరైన యంత్రం అది. దాన్ని తలుపు దాటించాలంటే సవాలక్ష నిబంధనలు. ఆ చట్టం ఎందుకు అవసరమైందో తెలుసు కాబట్టి ఫిర్యాదు లేదు, కానీ రోగే యంత్రం దగ్గరకు రావాలి. అందుచేత వచ్చిన ఆ ఒక్కసారిని వృథా చేయకూడదని నా అభిప్రాయం. మాష్టారు అడిగిన మూడో ప్రశ్నకు మేము చేసే పద్ధతి చెబుతాను.

పొత్తికడుపు మీద దెబ్బతో వచ్చిన పిల్లవాడిని మొదట ఉన్నది ఉన్నట్టుగా స్కానింగు చేస్తాం. అందరూ చేసే అత్యవసర స్కానింగే: కాలేయానికి, కుడి మూత్రపిండానికి మధ్య, ఎడమవైపు ప్లీహం చుట్టూ, గుండె చుట్టూ, చివరకు కటి భాగంలో ద్రవం ఉందేమో చూడడం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ముందే గొట్టం వేసి మూత్రమంతా తీసేసి, తరవాత స్కానింగుకు పంపుతారు. దానితో కిటికీ మూసుకుపోతుంది. పిల్లవాడి పరిస్థితి నిలకడగా ఉంటే, గొట్టానికి ముందే ఒకసారి చూడడం మంచిది.

తరవాత గొట్టం. దీనికి ముందు మగపిల్లల్లో మూత్రద్వారం దగ్గర రక్తపు చుక్క ఉందేమో తప్పకుండా చూడాలి. ఉంటే మూత్రనాళం తెగి ఉండవచ్చు. అప్పుడు గొట్టాన్ని తోయకూడదు. ముందు డై వేసి మూత్రనాళాన్ని ఎక్స్‌రేలో చూడాలి, లేదా పై ఆసుపత్రికి పంపాలి. రక్తం లేకపోతే మెల్లగా సన్నని గొట్టం వేసి, మళ్లీ స్కానింగు పెడతాం. ఇప్పుడు గొట్టం చివరి బెలూను తెర మీద గుండ్రని ఉంగరంలా కనబడుతుంది. ఆ ఉంగరం ఉన్నదే అసలు మూత్రాశయం. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ కటి భాగంలో ఎక్కువగా చేరిన ద్రవమే నిండిన మూత్రాశయంలా కనబడి మోసం చేసిన సందర్భం నేను చూశాను; పెద్ద నల్లటి ప్రదేశాన్ని చూసి "బ్లాడర్ ఫుల్" అనుకున్నాం, గొట్టం వేస్తే కొద్దిపాటి ఎర్రటి మూత్రం వచ్చి ఆగిపోయింది, నల్లటి ప్రదేశం మాత్రం అలాగే ఉంది.

ఆ తరవాత సెలైను సీసాను స్టాండుకు వేలాడదీసి, సిరంజితో తోయకుండా, దానంతటదే దిగేలా వయసుకు తగినంత సెలైనును మూత్రాశయంలోకి వదులుతూ తెర వైపు చూస్తూ కూర్చుంటాం. మూత్రాశయం గుండ్రంగా, బిగువుగా నిండుతోందా? లేక ఎంత వదిలినా వదులుగానే ఉండి, పక్కనున్న ద్రవం, కాలేయం దగ్గరి ద్రవం పెరుగుతోందా? రెండోదే అయితే మాకు ఇక అనుమానం ఉండదు. వెంటనే రక్తం పరీక్షకు పంపి, బండి పిలుస్తాం. నిండిన మూత్రాశయాన్ని చూడడానికి పెద్దలకు వాడే వంపు ప్రోబు (చర్మం మీద ఆనించే స్కానింగు పరికరం) ఒక్కటే సరిపోదు. చర్మానికి దగ్గరగా ఉన్న పిల్లవాడి మూత్రాశయపు ముందు గోడను చూడడానికి గొంతు స్కానింగుకు వాడే చదును ప్రోబును పెడితే గోడ పొరలు విడివిడిగా కనబడతాయి.

కాబట్టి మాష్టారూ, ఆ రాత్రి మీరు అడగగలిగిన మాట ఒకటే: "మూత్రాశయం నింపి మరొకసారి చూస్తారా?" నిలకడగా ఉన్న పిల్లవాడికి ఈ కోరిక అన్యాయమైనదేమీ కాదు.

జయపురం ఇంజనీరు, మంగళవారం సాయంత్రం 7:05

వైద్యులందరికీ గౌరవంతోనే అంటున్నాను. ఇన్ని అంచనాలు, లెక్కలు ఎందుకు? పిల్లవాడికి కడుపు మీద దెబ్బ తగిలింది అనగానే బరంపురమో విశాఖపట్నమో తీసుకుపోయి నేరుగా సిటీ స్కాన్ తీయిస్తే అన్నీ తేలిపోతాయి కదా? ఇంటికి పంపించేసి మూడు రోజులు పోగొట్టుకోవడం కంటే అదే నయం కాదా?

పిల్లల సర్జను, మంగళవారం రాత్రి 11:20

ఇంజనీరు గారి ఆత్రుత నాకు అర్థమవుతుంది, కానీ ఆయన జవాబు అంత సూటిగా పనిచేయదు. విశాఖపట్నంలో పిల్లల శస్త్రచికిత్స చేస్తూ, మీ సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే పిల్లలను తరచుగా చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి సంగతి: సిటీ స్కాన్ అనగానే మూత్రాశయం తేలిపోదు. మామూలు సిటీలో నరంలోకి ఎక్కించిన డై మూత్రపిండాల గుండా మూత్రాశయంలోకి వచ్చేవరకు ఆగి, గొట్టాన్ని క్లిప్పుతో మూసి ఉంచినా, మూత్రాశయం పూర్తిగా బిగువెక్కదు. చిన్న చీలికలు తప్పించుకుంటాయి. పేగు గాని, కడుపులోని కొవ్వు పొర గాని ఆ చిల్లుకు అడ్డంగా కూర్చుంటే ఇక చెప్పనక్కరలేదు. మూత్రాశయాన్ని గొట్టం ద్వారా పలచన చేసిన డైతో నింపి తీసే సిటీనే నమ్మదగినది. దాన్ని ప్రత్యేకంగా అడిగి చేయించుకోవాలి. నాలుగు గంటలు ప్రయాణం చేసి, మామూలు సిటీ తీయించుకుని, "ఏమీ లేదు" అని వెనక్కి వచ్చిన పిల్లలు ఉన్నారు. పైగా పిల్లల శరీరానికి రేడియేషను అనవసరంగా తగలనివ్వకూడదన్నది మా నియమం.

అయితే కొన్ని సందర్భాల్లో స్కానింగుతో కాలయాపన చేయకూడదు. కటి ఎముక విరిగి, మూత్రం కంటికి కనబడేంత ఎర్రగా ఉంటే డై పరీక్ష తప్పనిసరి. ఈ రెండూ కలిసిన రోగులను లెక్కిస్తే సుమారు 29 శాతం మందిలో మూత్రాశయం చిరిగి ఉంటుందని అమెరికా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది ప్రధానంగా పెద్దల లెక్క. పిల్లల్లో ఎముక విరగకుండానే పైకప్పు చిరగవచ్చు కాబట్టి, ఎముక బాగుంది కదా అని పిల్లల సర్జను ఎవరూ ఊరట చెందరు. పిల్లవాడు స్పృహ తప్పినా, రక్తపోటు పడిపోయినా ముందు ప్రాణం సంగతి చూడాలి. మూత్రాశయం తరవాతి మాట.

రెండో సంగతి చాలామందికి తట్టదు. డై పరీక్షకు సిటీ ఉండనక్కరలేదు. మాష్టారి మేనల్లుడికి రోగం తేల్చింది మామూలు ఎక్స్‌రే. వంశధార డాక్టరు గారి ఆసుపత్రిలో ఎక్స్‌రే ఉందన్నారు. గొట్టం ద్వారా డై నింపి ఒక ఫిల్ము, పక్కకు తిప్పి ఒకటి, మొత్తం ఖాళీ చేశాక తప్పనిసరిగా మరొకటి తీయాలి. ఆ చివరి ఫిల్మును మరిచిపోతారు. నిండిన మూత్రాశయం వెనక దాగిన డై, అది ఖాళీ అయ్యాకే బయటపడుతుంది. డై పేగుల చుట్టూ అంచులు దిద్దినట్టు కనబడితే చీలిక కడుపు కుహరంలోకి ఉన్నట్టు. మంట నాలుకల్లా మూత్రాశయం పక్కనే పాకి ఆగిపోతే కుహరానికి బయట ఉన్నట్టు. మొదటిదానికి ఆపరేషను చేసి, కరిగిపోయే దారంతో రెండు వరసల్లో కుడతాం. రెండోది, ఎముక ముక్క గుచ్చుకోకుండా, మూత్రాశయపు మెడ దెబ్బతినకుండా ఉంటే, రెండు మూడు వారాలు గొట్టంతోనే చాలావరకు మానుతుంది. ఏది ఎటువంటిదో తెలియకుండా చికిత్స నిర్ణయించలేం. సెలైనుతో చేసిన స్కానింగు ఈ తేడాను అన్నివేళలా చెప్పలేదు.

వంశధార గారి పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, ఒక హెచ్చరిక కూడా ఉంది. సెలైను నింపితే కారినట్టు కనబడినప్పుడు దాన్ని నమ్మండి. కారినట్టు కనబడకపోతే మాత్రం పూర్తిగా నమ్మకండి. రక్తపు గడ్డ చిల్లును మూసి ఉండవచ్చు. ఎంత పోశామో అంతా తిరిగి వచ్చింది కదా అని ధైర్యపడే పాత పరీక్ష కూడా ఇదే కారణం వల్ల పనికిరాదు. ఇటువంటి స్కానింగు గురించి వైద్య పత్రికల్లో వచ్చినవి ఎక్కువగా ఒక్కొక్క కేసు వివరాలే; దాని బలాన్ని అంతవరకే చూడాలి.

స్కానింగులోనే ఇంకొక కొత్త పద్ధతి ఉంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువుతో నిండిన అతి సూక్ష్మమైన బుడగలను సెలైనులో కలిపి గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పంపుతారు. ఆ బుడగలు తెర మీద తెల్లగా మెరుస్తాయి. చీలిక ఉంటే ఆ తెలుపు బయటికి పొగలా పాకుతుంది. ద్రవం మూత్రమా రక్తమా అన్న అనుమానం తీరిపోతుంది, రేడియేషను అసలే లేదు. పిల్లల్లో మూత్రం వెనక్కి, మూత్రపిండాల వైపు పోయే జబ్బును చూడడానికి ఈ మందును అమెరికాలో 2016లో ఆమోదించారు. దెబ్బలకు వాడిన అనుభవం ఇంకా కొద్దిదే. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు ఉన్న యంత్రం కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. మన జిల్లా ఆసుపత్రులకు ఇది ఇంకా దూరపు మాట.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఖర్చు లేని స్కానింగు పద్ధతి: మళ్లీ చేయడం. మొదటి స్కానింగులో స్వల్పంగా ద్రవం ఉన్న పిల్లవాణ్ణి ఇంటికి పంపను. నాలుగైదు గంటల తరవాత అదే ప్రోబుతో, కుదిరితే అదే మనిషితో, మళ్లీ చూపిస్తాను. ద్రవం పెరిగిందా, మూత్రాశయం నిండిందా, ఈలోగా ఎన్ని మిల్లీలీటర్ల మూత్రం బయటికి వచ్చింది: ఈ మూడూ ఒక కాగితం మీద పక్కపక్కనే రాయిస్తాను. మూత్రం అయిందా లేదా అన్న ప్రశ్నను ఏ భాషలోనూ అడగను; కొలపాత్రలో చూపించమంటాను.

జయపురం ఇంజనీరు, బుధవారం ఉదయం 7:30

సర్జను గారూ, ఒప్పుకుంటున్నాను. సిటీలో ఇన్ని రకాలున్నాయని తెలియదు. మా పాపకు రెండేళ్ల క్రితం తీయించినది ఏ రకమో పాత ఫైలు తీసి చూడాలి.

మహేంద్రతనయ ఒడ్డు, బుధవారం రాత్రి 8:45

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ముద్రించి చెల్లెలికి చదివి వినిపించాను. "నేను చూడలేకపోయాను" అన్న మాట దగ్గర మా బావగారు రిపోర్టు తెచ్చి మరొకసారి చదువుకున్నాడు.

చివరగా ఒక సందేహం. బాబుకు పద్నాలుగో రోజున గొట్టం తీసేముందు మళ్లీ డై పరీక్ష చేశారు, కారడం లేదని తేల్చి గొట్టం తీశారు. వచ్చే వారం మళ్లీ చూపించమన్నారు. ఈసారి స్కానింగు చాలునని రాశారు. ముందు స్కానింగే కదా మోసం చేసింది, ఇప్పుడు అది ఎలా చాలుతుందని మా చెల్లెలు భయపడుతోంది.

పిల్లల సర్జను, బుధవారం రాత్రి 10:05

మాష్టారూ, ఆవిడను భయపడవద్దనండి. ఇప్పుడు అడిగే ప్రశ్న వేరు. చిల్లు మూసుకుందా అన్నదానికి డై పరీక్షే జవాబు చెప్పింది, అది అయిపోయింది. ఇకపై తెలియవలసినది మూత్రాశయం నిండినప్పుడు గోడ నునుపుగా ఉందా, లోపల గడ్డగాని, బయట ద్రవపు గుంటగాని మిగిలిందా, మూత్రపిండాలు ఉబ్బాయా, మూత్రానికి వెళ్లి వచ్చాక లోపల ఎంత మిగిలిపోతోంది అన్నవి. వీటన్నిటినీ స్కానింగు చక్కగా చెబుతుంది, రేడియేషను లేకుండా.

కాకపోతే వెళ్లేముందు వాడికి నీళ్లు తాగించి, మూత్రం వస్తున్నట్టు అనిపించేదాకా కూర్చోబెట్టండి. ఒకసారి నిండినప్పుడు, వెంటనే మూత్రానికి వెళ్లి వచ్చాక మరొకసారి, రెండుసార్లు చూడమని చెప్పండి. ఆ కొద్దిసేపు తప్ప, ఈ రెండు మూడు నెలలు వాణ్ణి ఎక్కడా ఆపుకోనివ్వకండి. బస్సు ఎక్కేముందు ఒకసారి, దారిలో అడిగితే ఆపించి మరొకసారి.

మహేంద్రతనయ ఒడ్డు, బుధవారం రాత్రి 10:20

అలాగేనండి. ఈసారి వాడితోపాటు గుణుపురం బస్సులో నేనే వస్తాను, స్కానింగు గదిలో కూడా నేనే ఉంటాను.